ఆకు ఒక్కటి చాలదన్న అత్త

పోయిన శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. కన్నడ సీమలోని మా కౌల్ బజారులో ఆమె పుంటికూర పచ్చడి, అదే గోంగూర పచ్చడి, తిననివాళ్ళు తక్కువ, ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు అసలే లేరు. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకింకా ఉంది.

బెంగళూరులో ఖరీదైన తినుబండారాలు అమ్మే అంగడివాళ్ళు ఆమె పచ్చడి రుచి చూసి, మంచి లోగోతో సీసాలు పంపితే అమ్ముతామన్నారు. జీవితమంతా పొట్లాలు కట్టి అమ్మిన మనిషికి తన పచ్చడి అద్దాల బీరువాలో నిలబడాలని ఆశ. డిజైనింగ్ పని చేసే మేనల్లుణ్ణి నేనున్నాను కదా. ఒక్క పూటలో పుంటాకు గీసిచ్చాను. పచ్చటి ఆకు, ఎర్రటి కాడ, అంతే.

"బాగుండాది గానీ, సంఘంలో ఒకమాట అడిగొస్తానుండప్పా" అంది.

సంఘమంటే చర్చిలో స్త్రీల సమాజం. పచ్చడికి ఆకు ఒలిచేది ఆ అక్కలే. వాళ్ళు నా బొమ్మ కోసం ప్రార్థన చేసి మరీ సలహాలిచ్చారు. ఒకరు పావురం పెట్టమన్నారు, ఒకరు గోధుమ కంకి, ఇంకొకరు ద్రాక్షగుత్తి. అత్త ఎవరినీ కాదనలేదు.

"పుంటికూరకు ద్రాక్షలేంది అత్తా?"

"అది కూడా పెట్టు నాయనా. ఆకు ఒలిచే చేతులు గదా. వాళ్ళ మాటా ఒకటి సీసా మింద ఉండనీ."

పెట్టాను. ఆ బొమ్మ అంటించిన సీసాను ఎదురంగడి కన్నడ సావుకారు తిప్పి చూసి, "ఏనమ్మా, ఇదు వైనా?" అని, ద్రాక్షసారా అనుకుని అడిగాడు. అత్త ఇంటికొచ్చి నామీద కేకలేసింది. ద్రాక్ష తీసేస్తే ఆ అక్క అలిగింది. చిన్నగా చేసి మళ్ళీ పెట్టించింది అత్త. అది లోగోలా లేదు, పెళ్ళిలో దిగిన గుంపు ఫోటోలా ఉంది. నేను తల పట్టుకుంటే ముందు కంచం పెట్టేది.

"తినప్పా, తిని ఆమేలె కోప్పడుదువు. ఉత్త కడుపుతో కోపం కూడా సరింగా రాదు."

సమాధి చేసి వచ్చాక అక్కలందరూ ఆమె నడవలో కూర్చున్నారు. బెంగళూరువాళ్ళకు ఈ వారమే బొమ్మ పంపాలి. ఫోన్లో అన్నీ చూపించాను. ద్రాక్ష అడిగిన అక్కే మొదటి ఆకు దగ్గర ఆపింది.

"ఇది చాలప్పా. ఆకు ఒకటి చాలు."

అందరూ తలూపారు. ఇన్ని నెలలుగా నేను మొత్తుకున్నది అదే. ఇప్పుడు మాత్రం ఎవరో ఒకరు కాదంటే బాగుండుననిపించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, అందరూ అత్త కంచం పట్టుకొని వచ్చే వంటింటి వాకిలి వైపే చూస్తూ కూర్చున్నారు.