రెండో రోకలి

తినే అన్నం మీద ఒట్టు... ఇందులో ఒక్క మాట కూడా కల్పించడం లేదు. నేను దయ్యాలకు భయపడే రకాన్ని కాదు. సూర్యాపేటలో బట్టలు కుట్టి బతుకుతున్నాను. పండగల ముందు తెల్లవార్లూ ఒంటరిగానే మిషన్ తొక్కుతాను. దయ్యమొచ్చినా జాకెట్ కొలత తీసుకుని పంపిస్తావని మా వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదు.

మొన్నటి చలికాలంలో మా ఊళ్లో పాత కట్టడాలను జనం చూడటానికి ఒకరోజు తెరిచారు. వాటిలో ఒకటి దొరల గడి, అంటే వాళ్లుండే కోటలాంటి మేడ. ఎన్నో ఏళ్లుగా తాళం వేసి ఉంది. త్వరలో కూల్చేస్తారని కూడా చెప్పుకున్నారు. ఆ సంగతి వినగానే మా అమ్మ మంచం దిగింది.

"నన్ను తోల్కపో బిడ్డా. కూలగొట్టకముందు ఒక్కసారి సూడాలె."

ఎందుకో నాకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ, వాళ్లక్క మల్లమ్మ ఆ గడిలోనే వడ్లు దంచేవాళ్లు. ఒకే రోలు. ఇద్దరూ ఎదురెదురుగా. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. ఒకరోజు అమ్మకు జ్వరమొచ్చింది. పెద్దమ్మ ఒక్కతే పనికి వెళ్లింది. మళ్లీ రాలేదు. కోదాడ వైపు ఎవరితోనో పోయిందన్నారు గడివాళ్లు. వాళ్లను నిలదీసే ధైర్యం ఎవరికుంది? అమ్మ ఆ మాట ఎన్నడూ నమ్మలేదు. అక్క ఏమైందో తెలుసుకోవాలి... ఈ వయసులో ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

మేం వెళ్లేసరికి పొద్దు వాలింది. లోపలంతా జాతరలా ఉంది. కాలేజీ పిల్లలు స్తంభాలను కౌగిలించుకుని సెల్ఫీలు దిగుతున్నారు. అమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. అప్పట్లో పనివాళ్లు చెప్పులతో గడప తొక్కకూడదు.

"ఇప్పుడెవరున్నరమ్మా, తొడుక్కో" అని కసిరాను. తొడుక్కోలేదు.

వడ్లు దంచే కొట్టం వెనకవైపు ఉంది. ఫొటోకు పనికొచ్చేదేమీ లేదు కాబట్టి జనం అటు రావడం లేదు. వాచ్‌మన్ సైదులు టార్చి పట్టుకుని ముందు నడిచాడు.

"జల్ది సూస్కోండి అక్కా, గేటు బంద్ చెయ్యాలె."

లోపల ఒక్క బల్బు. నేలలో పాతిన రోలు... దాని నిండా మట్టి. అంతే. అమ్మ అన్నీ తడిమింది. గోడ... మూల... నేల. ఏం దొరుకుతుందనుకుందో పాపం. ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. "పోదాం పా అమ్మా" అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది.

బయట పిల్లలు ఓ... అని అరిచారు. మెల్లగా ఆ గోల కూడా దూరమైంది. ఆ తర్వాత...

దబ్.

చాలాసేపు ఏమీ లేదు.

దబ్...

కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. దెబ్బ పడే ముందు ఎవరో ఊపిరి వదిలినట్టు... హుస్... అని. సైదులు టార్చి రోలు మీద వేశాడు. అందులో మట్టి కదలడం లేదు.

"రైసుమిల్లు సప్పుడేమో" అన్నాను. మిర్యాలగూడలో మా అత్తగారిల్లు మిల్లుల మధ్యే. ఆ చప్పుడెలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది అది కాదు.

"గీడ మిల్లేది అక్కా..." సైదులు టార్చిని తలుపు వైపు తిప్పాడు.

అమ్మ నా చేయి విదిలించుకుంది.

"ఒక్కతే దంచేటోళ్లు గింతసేపు ఆగరు బిడ్డా. ఇను... సందు ఇస్తున్నది. నా రోకలి పడనీకి సందు ఇస్తున్నది."

చెప్పులు కింద పడేసింది. రెండు చేతులూ పైకెత్తింది. దబ్... అమ్మ చేతులు దిగాయి, ఉత్తగా. మళ్లీ దబ్... మళ్లీ దిగాయి.

"అక్కా... వచ్చిన్నే... ఏం జేసిండ్రే నిన్ను? ఒక్క మాట చెప్పే..."

దబ్.

"ఏడున్నవే అక్కా?"

దబ్.

అడిగినా అదే. ఏడ్చినా అదే. నేనూ సైదులూ కలిసి అమ్మను బయటికి లాక్కొచ్చాం. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

కొన్నాళ్లకే గడిని నేలమట్టం చేశారు. ఆ రోలు కింద తవ్వి చూడమని అక్కడి పనివాళ్లను బతిమాలాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అమ్మ తిండి మానేసింది. నిద్రలో చేతులెత్తి దించేది. వానలు పడకముందే పోయింది.

"ఇగనన్న అక్కను కలుస్తది" అన్నారు చుట్టాలు. నేనూ అదే కోరుకున్నాను. దినాలు అయ్యాక ఒక సాయంత్రం ఆ ఖాళీ జాగాకు వెళ్లాను. ముళ్లకంపలు, ఇటుక ముక్కలు... చీకటి పడేదాకా నిలబడ్డాను.

దబ్...

అక్కడి నుంచి కదల్లేదు. రెండోది పడాలి... ఇప్పుడు పడాలి. "అమ్మా, దంచవే" అని పైకే అన్నాను.

పడలేదు.

మళ్లీ ఆ ఒక్కటే... దబ్.

హైవే మీద లారీలనండి, నా గుండె చప్పుడే అనండి. అదేంటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యలో సందు మాత్రం అలాగే ఉంది. పెద్దమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది... మరి మా అమ్మ ఎక్కడికి పోయినట్టు?