బ్యాటరీ తిప్పించింది నేనే

డెబ్బైల చివర్లో నా పెళ్ళయ్యేనాటికి, ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా పనిచేస్తున్నాను. పిల్ల ఉద్యోగం మానదని మా నాన్న పెళ్ళిచూపుల్లోనే చెప్పాడు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా మామ సరేనన్నాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదాయన, ఆ సంగతి ఒప్పుకోవాలి. రోజూ ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. పోనూ రానూ బస్సులో రెండు గంటలు, బడిలో ఆరు గంటలు, అంతే నా బతుకు. మిగతా రోజంతా నాది కాదు. ఆ ఇంట్లో నన్ను ఉప్పు సరిపోయిందా అని తప్ప ఇంకేదీ అడిగేవాళ్ళు కారు.

పెరట్లో రేకుల షెడ్డు కింద మామ తండ్రి కొన్న ఇంగ్లండు కారు ఉండేది. నల్లటిది, ఏనుగంత. కొత్త బ్యాటరీ పెట్టించినప్పుడల్లా తీగల్లోంచి పొగ వచ్చేది, చార్జింగు డబ్బా కాలేది, కారు మళ్ళీ నెలల తరబడి పడుకునేది. దిష్టి తగిలిందని అత్త నిమ్మకాయలు కట్టేది. అది దిష్టి కాదని నాకు తెలుసు. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం బీరువాలో ఉంటే చదివాను. పంచాంగం కాక ఆ ఇంట్లో ఉన్న పుస్తకం అదొక్కటే.

ఒక ఆదివారం మా ఆయన కొత్త ఎలక్ట్రికల్ మేస్త్రీని పిలుచుకొచ్చాడు. పరాయి మగవాళ్ళుంటే కోడళ్ళు పెరట్లోకి పోకూడదు. వంటింటి కిటికీ షెడ్డు వైపే ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూస్తున్నాను. మేస్త్రీ బ్యాటరీ పెట్టి, మైనస్ తీగను కారు బాడీకి బిగించబోయాడు. నోరు ఊరుకోలేదు.

"అన్నా, ఆ తీగ బాడీకి బిగించొద్దు."

ఆయన కిటికీ వైపు చూశాడు. "ఏమమ్మా? ఏ కారుకైనా మైనస్సే గదా బాడీకి."

"దీనికి ప్లస్ ఉండల్ల. పుస్తకంలో రాసినారు. తిప్పి పెడతాండారు గాబట్టే కాలిపోతాంది."

మా ఆయన వసారాలో కూర్చున్న తండ్రి వైపు చూశాడు. మామ పేపరు దించి, నాతో కాదు, కొడుకుతో అన్నాడు. "ఏం జేస్తే బాగైతాదో అడుగప్పా."

నన్ను అడిగారు. నాకు ఒళ్ళు తెలియలేదు. వాణ్ణి అడుగుతారు, వీణ్ణి అడుగుతారు, ఇన్నాళ్ళకు నన్నడిగారు. ఎంతమంది మేస్త్రీలు వచ్చినా అలవాటుకొద్దీ మైనస్సే బాడీకి బిగిస్తారు, కాబట్టి కారునే ఆ అలవాటుకు మార్చేద్దామన్నాను. కిటికీ చువ్వల వెనక నుంచి నేను చెప్పడం, మేస్త్రీ చేయడం. మైనస్ తీగను బాడీకే బిగించాడు. ఇగ్నిషన్ కాయిల్‌కున్న రెండు తీగలు అటుదిటు మార్చాడు. మీటరు తీగలూ అంతే. బల్బులకు ఎటైనా ఒకటే. చివరికి బ్యాటరీని చార్జి చేసే డైనమోకు కొత్త దిక్కు నేర్పాలి. దాని చిన్న తీగ ఊడదీసి, బ్యాటరీ ప్లస్ నుంచి తెచ్చిన తీగను అక్కడి టెర్మినల్ మొలకు ఒక్క క్షణం తాకించి తీయమన్నాను. చిటుక్కున నిప్పురవ్వ వచ్చింది. స్టార్టు చేస్తే మీటరు ముల్లు చార్జింగు వైపు తిరిగి అక్కడే నిలబడింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బ్యాటరీకి పోయే పాత తీగలు చాలా పొడవున్నాయి, ఎవరైనా మళ్ళీ ఎటు పడితే అటు బిగిస్తారు, దేని మొలకు అదే అందేటట్టు సరిగ్గా కొలతకు కోయమన్నాను. మేస్త్రీ నవ్వాడు. "టీచరమ్మ గదా, గట్టిగానే సెప్తాండాది." కొలిచి కోశాడు.

సోమవారం మా ఆయన నన్ను కార్లో బడి దగ్గర దింపాడు. పిల్లలు గేటు దగ్గర మూగారు. నేను మహారాణిలా దిగాను. ఆ వైభోగం ఎనిమిది రోజులు.

తర్వాత పత్తి దిగే కాలం వచ్చింది. పత్తి కొనడానికి కారు తెల్లవారకముందే ఆస్పరికో చిప్పగిరికో పోయేది. నేను సంచీ తీసుకుని గడప దాటబోతే మామ ఆపాడు.

"యాడికి?"

"బస్సుకు, మామా."

"ఇంట్లో కారు పెట్టుకోని మన కోడలు బస్టాండులో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారమ్మా? కారు ఖాళీ అయినప్పుడు పోదువులే."

ఉద్యోగం మానమనలేదు, మాట తప్పలేదు. కారు మాత్రం ఖాళీ కాలేదు. మా ఆయన్ని అడిగితే, "నాయనతో నేనెట్ల సెప్పేది?" అన్నాడు. సెలవు చీటీలు రాసి పంపాను. మూడోదానికి పెద్ద టీచరు జవాబు రాసింది. సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని.

శనివారం మధ్యాహ్నం కారు షెడ్డులో ఉంది. మగవాళ్ళు భోంచేసి నడుం వాల్చారు. స్పానరు తీసుకుని షెడ్డులోకి పోయాను. ఏ తీగ కోసినా అది మనిషి చేసిన పనని తెలుస్తుంది. బ్యాటరీ తిప్పి బిగిస్తే పొగ వస్తుంది, పొగ వస్తే దిష్టి అనుకుంటారు. కారు పడుకుంటుంది, నేను బస్సెక్కుతాను. సిగ్గేమీ అనిపించలేదు, ఆకలిగా అనిపించింది.

రెండు తీగలూ ఊడదీశాను. బాడీ తీగను ప్లస్ మొల వైపు లాగాను. నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఒళ్ళంతా బలం పెట్టి లాగాను. రాలేదు. బ్యాటరీనే తిప్పుదామంటే దాని తొట్టిలోంచి నా ఒక్కదానికి కదల్లేదు. ఆ తీగను అక్కడికి కోయించింది నేనే.

ఎట్లా ఉన్నవి అట్లాగే బిగించి లోపలికి వచ్చాను. సోమవారం పొద్దున, వంటింట్లో బియ్యం కడుగుతుంటే, కారు మొదటిసారికే స్టార్టయింది.