వేపాకు వేసిన కాఫీ గింజలు

పెళ్లయి చేవెళ్లకు కాపురానికి వచ్చినప్పుడు నాన్న నా చేతికి రెండు కిలోల కాఫీ గింజలు వేయించి ఇచ్చారు. మాది కోస్తా. నాన్న ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడ్డాం. మా ఆయనది చేవెళ్లే. ఇద్దరం ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్లం. కంపెనీ క్యాబ్ మొయినాబాద్ దాకానే వచ్చేది కాబట్టి, తెల్లవారగానే బండి మీద అక్కడికి చేరుకోవాలి. నేను ముందే లేచి, గింజలు చేతిమరలో పొడి చేసి డికాషన్ వేసుకునేదాన్ని. ఆ ఇంట్లో మిగతా అందరికీ చాయే.

మొదట పొట్లాన్ని పొయ్యి పక్క అరలో పెట్టాను. ఆ వేడికి వారంలోనే ఘుమఘుమ తగ్గింది. ఫ్రిజ్‌లో పెడితే పెరుగుకు కాఫీ వాసన పట్టింది. అది చూసి అత్తయ్య చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా, నేను దాస్త. గింజలు దాసుడు నాకు రాదా?"

నిజమే, ముడిమ్యాల ఊళ్లోని మా పొలంలో పండిన కందులు ఏడాదంతా పురుగు పట్టకుండా దాచేది ఆవిడే. రెండు రోజుల తర్వాత స్టీలు డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. గింజల మధ్య వేపాకు!

"రెండొద్దులు ఎండల పోసి, యాపాకు ఏసిన. ఇగ ఫికర్ లేదు."

"చాలా బాగుంది అత్తయ్యా" అన్నాను. ఇంకేమనను? ఆంధ్రా కోడలు ఎట్లుంటదోనని వాడకట్టంతా చూస్తున్న రోజులవి. ఆవిడ మనసు నొప్పించడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు కాఫీ కలిపితే ఘుమఘుమ లేదు, చేదు మాత్రం నాలుక మీదే కూర్చుంది. గుటకలు మింగుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్కదానివే తాగుతున్నవ్. నాకు గూడ జర పొయ్యి."

ఆ రోజు నుంచి ఇద్దరికీ కలిపేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని, మాట్లాడకుండా తాగేది. అంత ఇష్టంగా తాగుతున్న మనిషికి ఏం చెప్పను? డబ్బా సగమయ్యేదాకా అట్లాగే గడిచింది.

ఒకరోజు చాయ్‌కి పాలు చాలక మా ఆయన నా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. వెంటనే వాకిట్లోకి పరిగెత్తి ఉమ్మేశాడు.

"ఇదేంది? కషాయం తాగుతున్నరా ఇద్దరు?"

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. "కాఫీ గిట్లనే ఉంటది గదరా" అని నా వైపు చూసింది. "ఉండదా బిడ్డా?"

ఇక దాచలేకపోయాను. "లేదత్తయ్యా. వేపాకు చేదు పట్టింది. వేయించిన గింజలు కదా, ఎండకి వాసన పోయింది" అంటుంటే నాకు ఏడుపొచ్చేసింది.

"మరి చెప్పొద్దా! ఇన్నొద్దులు గట్లనే తాగినవా?" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నాకైతే మింగుడే పడకపోతుండె. పుట్టింటిది పట్టుకొని నువ్వొక్కదానివే కూసుంటే మనసొప్పక తాగిన. ఇగ రేపటి సంది నన్ను చాయ్ తాగనియ్యి తల్లీ!"

నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. ఇద్దరం గోడకు ఆనుకుని ఎంతసేపు నవ్వామో, ఆ రోజు క్యాబ్ తప్పిపోయింది.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేస్తే, గాలి, వెలుగు, వేడి, తేమ తగలకుండా ఉంచమన్నారు. ఈసారి నుంచి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పంపుతానన్నారు. చెప్పగానే అత్తయ్య బిగుతు మూతల డబ్బాలు రెండు వెతికి తెచ్చింది. కొత్త గింజలు రాగానే రెండింట్లో నింపి, విత్తనాలుంచే చల్లటి చీకటి గదిలో పెట్టింది. ఒకటి అయిపోయేదాకా రెండోదాని మూత నన్ను ముట్టనిచ్చేది కాదు.

ఆ ఆదివారం అన్నం తింటూ, పచ్చిపులుసులో కారం ఎక్కువైందని ధైర్యంగా చెప్పాను.

"ఇగ మొదలువెట్టింది" అని మా ఆయనకు చెబుతూ, అత్తయ్య నా పళ్లెంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది.