ర్యాంప్ మీద అడుగులు

2011 వసంతకాలం. ఫ్రిస్కో ఊరు దాటి ఉత్తరానికి వెళ్తే హైవే పక్కన, ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ఇళ్లలాంటి ట్రైలర్లు వరుసగా నిలబెట్టి అమ్మే ఒక లాట్ ఉండేది. అక్కడ నాది ప్రెప్ పని. అంటే కస్టమర్లు చూడకముందూ, చూసి వెళ్లాకా ట్రైలర్‌ని శుభ్రం చేయడం, లోపల లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ పొయ్యి పనిచేస్తున్నాయో లేదో చూడడం. మావారు అదే లాట్‌లో చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టేవారు. అప్పటికి నాకు చదువు రాదు కాబట్టి మొదట్లో తుడవడం వరకే అప్పజెప్పారు. నలభై ఆరేళ్ల వయసులో, కాపెల్‌లోని మా తెలుగు చర్చిలో ఒక టీచరమ్మ దగ్గర ముందు తెలుగు అక్షరాలు, తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నాను. అప్పటి నుంచి ట్రైలర్ తలుపు పక్కన అంటించే బరువుల స్టిక్కర్ కూడా నేనే చదివి చెప్పేదాన్ని.

ఆ లాట్‌కు ఎన్నో కుటుంబాలు వచ్చాయి. నన్ను డాక్టర్ ప్రసాదరావు గారు, ఆయన భార్య గ్రేసమ్మ గారు తికమక పెట్టినంతగా ఇంకెవరూ పెట్టలేదు.

ఆయన ప్లేనోలో కళ్ల డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకొక పెద్ద మోటార్‌సైకిల్, ఆవిడకొక చిన్నది. ఆవిడ అరవయ్యో ఏట బండి నేర్చుకున్నారని ఆయనే గొప్పగా చెప్పారు. ఇద్దరూ బండ్లు వేసుకుని కొండల్లో క్యాంపింగ్ చేయాలని వాళ్ల కోరిక. దానికి టాయ్ హాలర్ కావాలి. టాయ్ హాలర్ అంటే ముందు సగం ఇల్లు, వెనక సగం గ్యారేజీ. వెనక గోడ మొత్తం కిందికి వాలి నేలకు ఆనుతుంది. దాన్ని ర్యాంప్ డోర్ అంటారు. దాని మీదుగా బండ్లు లోపలికి నెట్టి, పట్టీలతో బిగిస్తారు. చేరాల్సిన చోటికి చేరి బండ్లు దించేశాక, అదే గ్యారేజీలో పైకప్పు నుంచి మంచం కిందికి దిగుతుంది.

మొదటి శనివారం మా సేల్స్‌మన్ డేల్ నన్ను పిలిచాడు. "సుశీలా, మీ భాష వాళ్లు వచ్చారు. ఆవిడకి ఏం కావాలో కనుక్కో" అన్నాడు. డాక్టర్ గారికి ట్రైలర్ చూడగానే నచ్చింది. గ్రేసమ్మ గారు మాత్రం పొయ్యి దగ్గర నిలబడి ముక్కు మూసుకున్నారు.

"బండ్ల పెట్రోలు వాసన ఇక్కడిదాకా వస్తుందండీ. ఈ వాసనలో అన్నమెలా తింటాం?"

సబబే అనిపించింది. రెండో శనివారం గ్యారేజీకి, ఇంటికి మధ్య గోడ ఉన్న ట్రైలర్ చూపించాం. ఆవిడ లోపలికి తొంగిచూసి, "మంచం మరీ ఎత్తు. నా మోకాళ్లు ఎక్కనిస్తాయా?" అన్నారు. మూడో వారం చూపించినదాంట్లో గోడా ఉంది, మంచమూ ఎత్తు తక్కువే. ఈసారి కిటికీ చిన్నదైంది.

డాక్టర్ గారు నవ్వుతూనే అన్నారు గానీ గొంతు మారింది. "కిటికీలోంచి ఏం చూస్తావోయ్, బయట కూర్చోవడానికే గదా పోయేది? నీకు రావాలని లేకపోతే చెప్పు. నేనొక్కణ్ణే పోతా."

"రానని నేనెప్పుడన్నాను?" అన్నారావిడ. నేరుగా కారులోకి వెళ్లి కూర్చున్నారు.

"ఆవిడకి అసలు వెళ్లడమే ఇష్టం లేదు" అని డేల్ తేల్చేశాడు. నాకలా అనిపించలేదు. ఇష్టం లేనావిడ మూడు వారాలు వానలో ఎందుకొస్తుంది? మనం ఆడవాళ్లం కదా, గొడవంతా వంటగది దగ్గరే ఉంటుందనుకున్నాను. నాలుగో వారానికి ఒక ట్రైలర్ ఎంచి, మా ఇంటి నుంచి పోపుల పెట్టె, కుక్కర్, చిన్న కరివేపాకు కుండీ తీసుకెళ్లి సింకు పక్కన సర్దిపెట్టాను. అది చూస్తే ఆవిడ మనసు మెత్తబడుతుందని నా ఆశ.

ఆ సర్దుడుకు ముందు, మూడో వారం ట్రైలర్ని తుడుస్తుంటే ఒక వింత కనిపించింది. మా దగ్గర నేల నల్లరేగడి. వాన పడితే బురద చెప్పులకు అంటుకుని వదలదు. కస్టమర్లు పక్క తలుపులోంచి ఎక్కుతారు కాబట్టి అడుగులూ అక్కడి నుంచే మొదలవుతాయి. ఈ ట్రైలర్‌లో మాత్రం గ్రేసమ్మ గారి చిన్న స్నీకర్ల అచ్చులు ర్యాంప్ మీద ఉన్నాయి. పైకి, కిందికి, మళ్లీ పైకి. దగ్గర దగ్గరగా వేసిన అడుగులు. ముందు రెండు వారాలూ ర్యాంప్ మీద అలాంటి బురదే తుడిచినట్టు గుర్తొచ్చింది. మంచం ఎక్కలేని మోకాళ్లు ర్యాంప్ ఇన్నిసార్లు ఎలా ఎక్కాయి? నాకు ఏమీ అర్థం కాలేదు.

నాలుగో శనివారం గ్రేసమ్మ గారు నా పోపుల పెట్టె చూసి, "బాగుందమ్మా" అన్నారు. కరివేపాకును ముట్టుకోనైనా లేదు. డాక్టర్ గారు, డేల్ ముందువైపు, ట్రక్కుకు ట్రైలర్ తగిలించే చోట మాట్లాడుకుంటున్నారు. చూస్తుండగానే ఆవిడ కనిపించకుండా పోయారు. వెనక్కి వెళ్లి చూశాను. నేను తుడిచే సామాన్లు పెట్టుకునే చక్రాల బండిని, నిండా నీళ్ల బకెట్‌తో సహా, ర్యాంప్ మీదికి నెడుతున్నారు. సగం దూరంలో బండి ఆగిపోయి వెనక్కి జారుతోంది. పరుగెత్తి పట్టుకున్నాను.

"అక్కా! ఏంటిది?"

"మెల్లగా మాట్లాడు. ఎంత ఏటవాలుందో చూస్తున్నా."

"దేనికీ?"

ఆవిడ ట్రైలర్ ముందువైపు ఒకసారి చూశారు. "పోయిన నవంబరులో ఆయన గుండెకి రెండు స్టెంట్లు వేశారు. బండి నడపొచ్చన్నారు గానీ, బరువు నెట్టొద్దన్నారు. ఆ బండేమో ఎనిమిది వందల పౌన్లు! నేనైనా నెడదామంటే ఇవన్నీ కొండల్లా ఉన్నాయి. ఈ బకెట్టే ఎక్కట్లా."

"మరి పెట్రోలు వాసన, మంచం, కిటికీ?"

"ఏదో ఒకటి చెప్పాలి గదా. నలుగురిలో మా ఆయన గుండె బాలేదంటే ఆయన తలెత్తుకు తిరుగుతారా? ఇంట్లో చెబితే, 'నేను డాక్టర్నా, నువ్వా?' అంటారు. కళ్ల డాక్టరు! తన ఒంట్లో సంగతి మాత్రం కనపడదు."

వెనక వరుసలో ఒక ట్రైలర్ చాలా రోజులుగా పడి ఉంది. వంటగది ఇరుకని ఎవరూ తీసుకోలేదు. దాని నేల వెనకవైపు కిందికి వాలి ఉంటుంది కాబట్టి ర్యాంప్ దాదాపు చదునుగా పరుచుకుంటుంది. దానికి వించ్ కూడా పెట్టించవచ్చు. వించ్ అంటే గ్యారేజీ ముందు గోడకు బిగించే చిన్న కరెంటు మోటారు. బటన్ నొక్కితే పట్టీతో బండిని పైకి లాగుతుంది, మనిషి పక్కన నడుస్తూ హ్యాండిల్ పట్టుకుంటే చాలు. ఆవిడని దాని దగ్గరికి తీసుకెళ్లి చూపించి, స్టిక్కర్ చదివాను. ట్రైలర్ ఎంత సామాను మోయగలదో అందులో ఉంటుంది. రెండు బండ్లు, నీళ్లు, బియ్యం, అన్నీ కలిపినా ఇంకా మిగులుంది.

డేల్‌తో ఒక అబద్ధం చెప్పాను. "మేడమ్‌కి ఇదే నచ్చింది. ఆవిడ బండి ఆవిడే ఎక్కించుకోవడానికి వించ్ కావాలట."

డాక్టర్ గారు విన్నారు. "నీ బుల్లి బండికి వించెందుకోయ్?"

"నా చేతుల్లో బలం లేదండీ."

ఆయన ఆవిడ వైపు కాసేపు చూశారు. "సరే, పెట్టించు. నీ కోసం" అన్నారు.

వాళ్లు వెళ్లాక, ఆవిడ బకెట్ నెట్టిన ర్యాంప్ తుడవబోయాను. ఆవిడ అచ్చుల పక్కన పెద్ద బూట్ల అచ్చులున్నాయి. మా లాట్‌లో ఎవరివీ కావు, డాక్టర్ గారివే. సగం దూరం ఎక్కి, అక్కడ రెండు పాదాలూ పక్కపక్కన ఆగి, వెనక్కి తిరిగాయి. ఆయన ఎప్పుడొచ్చారు? మా మాటలు విన్నారా, లేక ఆయన కూడా ఆ ఏటవాలునే చూసుకున్నారా? ఆ అచ్చులను చివరికి తుడిచాను.

రెండు వారాల తర్వాత ట్రైలర్ తీసుకెళ్లడానికి బండ్లతో సహా వచ్చారు. నేను బటన్ ఎలా నొక్కాలో గ్రేసమ్మ గారికి చూపించబోతుంటే డాక్టర్ గారు రిమోట్ తీసుకున్నారు.

"ఉండమ్మా, ఈవిడకి నేను నేర్పిస్తా. ముందు నా పెద్ద బండితో చూపిస్తా గ్రేసూ, జాగ్రత్తగా చూడు."

వించ్ గుర్రుమంటూ లాగితే పెద్ద బండి ర్యాంప్ ఎక్కింది. ఆయన హ్యాండిల్ పట్టుకుని, తీరిగ్గా పక్కన నడిచారు.

"అర్థమైందా?"

"ఇంకా కాలేదండీ. ప్రతిసారీ మీరే ముందు చూపించాలి" అన్నారు గ్రేసమ్మ గారు, నా వైపు చూడకుండా.

ఎవరు ఎవరి దగ్గర ఏం దాచారో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల వల్ల నా పని పద్ధతి ఒకటి మారింది. అంతకుముందు కస్టమర్ ఏది బాగాలేదంటే దాని వెంట పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ముందు వాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూసుకుని, ఆ తర్వాతే గుడ్డ తడుపుతాను.

ఆ రోజు బండ్లు బిగించాక కొత్త ర్యాంప్ మీద రెండు జతల బురద అడుగులు పక్కపక్కనే పైదాకా ఉన్నాయి. తుడవనా అని అడిగితే డాక్టర్ గారు వద్దన్నారు. ర్యాంప్ పైకెత్తి గొళ్లెం వేశాం. అడుగులు లోపలే ఉండిపోయి వాళ్లతో వెళ్లిపోయాయి.