జనవరి ఒకటిన కుదిరిన సంబంధం

పొద్దున కరెంటు పోయి వచ్చాక మా పాత కంప్యూటరు తెరిస్తే, బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుండగా అది మాత్రం ఏనాటిదో జనవరి ఒకటో తేదీ చూపిస్తూ కూర్చుంది. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే, ఎన్నిసార్లు టైము సరిచేసినా ఆపి మళ్లీ వేయగానే మొదటికొస్తుందని నాకు బాగా తెలుసు. నా పెళ్లి చెడబోయి కుదిరింది ఈ జబ్బు వల్లే.

అప్పట్లో మేం బోయిన్‌పల్లిలో ఉండేవాళ్లం. మా పెదనాన్నగారు వర్జ్యం చూడనిదే గడప దాటేవారు కాదు, ఆఖరికి కూరగాయలకైనా సరే. నేను ముచ్చటపడి కొన్న ఈ సెకండ్‌హ్యాండ్ కంప్యూటరులో పంచాంగం కూడా ఉందని తెలిశాక, గోడ మీది క్యాలెండరును చిన్నచూపు చూసి, ఏ రోజు వర్జ్యం ఆ రోజు నాచేత కాగితం మీద అచ్చు వేయించుకునేవారు. కరెంటు పోయినప్పుడల్లా తేదీ సరిచేసే బాధ్యత నాది.

మౌలాలిలో అమ్మాయిని చూడ్డానికి వెళ్లాల్సిన రోజున, ఆమె ఫొటో చూసినప్పటి నుంచి మనసు నా దగ్గర లేనందువల్ల, మధ్యలో కరెంటు పోయిన సంగతే మరిచి ఆయనకు జనవరి ఒకటో తేదీ వర్జ్యం అచ్చు వేసి ఇచ్చేశాను. అక్కడ ఉప్మా సగంలో ఉండగా పెదనాన్నగారి చూపు ఎదుటి క్యాలెండరు మీద పడింది. మేం ఆటో ఎక్కింది సరిగ్గా వర్జ్యంలో! జేబులోని కాగితం తీసి పైనున్న తేదీ చూసి, ప్లేటు పక్కన పెట్టి, ఇంకోరోజు వస్తామంటూ లేచారు. ఇంకోరోజు అంటే ఇక రామనేగా, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అమ్మాయి నాయనమ్మ మాత్రం కదల్లేదు. “వర్జ్యంల ఉప్మా తింటే ఏం కాలే గని, కూసుంటే అయితదా? జెర కూసోండి సారూ, పిల్ల వస్తున్నది” అంది.

పెదనాన్నగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “తెలిసి బయల్దేరితే దోషం గానీ, మేం కాగితాన్ని నమ్మి వచ్చామండీ” అని కూర్చుని, ఇంకాస్త ఉప్మా అడిగారు. ముహూర్తం పెట్టేటప్పుడు మాత్రం నన్ను కంప్యూటరు దరిదాపులకు రానివ్వలేదు.

ఇందాక మా ఆవిడ తెర చూసి, “గిదేందీ, మళ్ల మన పెళ్లిచూపుల తారీఖే వచ్చింది” అని నవ్వి, బ్యాటరీ మార్పించొద్దంది. ఇప్పుడు ఫోన్లన్నీ తమ టైము తామే దిద్దుకుంటున్నాయి, ఎవరూ ఎవరినీ వేళ అడగరు. పెదనాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. మా అందరినీ చెప్పులతో గుమ్మంలో నిలబెట్టి, ఇంకో రెండు నిమిషాలు ఆగండ్రా అనే మనిషే లేనప్పుడు, టైము ఎంత సరిగ్గా ఉంటే మాత్రం ఏం లాభం?