లోకమణి అన్న వెళ్ళిపోతున్నాడు

మా లోకమణి అన్నకి ఉన్న జబ్బు ఒక్కటే. ఇంటికి వెళ్ళిపోతుంటాడు. వెళ్ళడు, వెళ్ళిపోతుంటాడు. నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ వచ్చి వైద్యం చదివే మా కుర్రాళ్ళలో ఎవణ్ణి కదిపినా "ఇంకో రెండేళ్ళు", "ఇంకో ఏడాది" అంటాడు. అన్నని అడిగితే మాత్రం "ఈ గురువారమే" అంటాడు. ఏ గురువారం అని అడిగిన పాపాన ఎవరూ పోయేవారు కాదు.

"ఈ చదువు నాకు పడదురా. ఈ మంచులో మనిషన్నవాడు బతకడు. గురువారం పొద్దున బురిమారీ బస్సెక్కుతున్నా. ఒక్కసారి సరిహద్దు దాటానా, మళ్ళీ ఇటు తిరిగి చూస్తే నా పేరు లోకమణి కాదు" అనేవాడు. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు, ముఖం మాత్రం ఆరేసి మరిచిపోయిన తడి గొంగళిలా ఎప్పుడూ కిందికి వేలాడుతుండేది. నవ్వినా ఎవరో పోయిన ఇంట్లో నవ్వినట్టే నవ్వేవాడు.

వెళ్ళిపోయే మనిషి కదా, బుధవారం సాయంత్రం ఆస్తి పంపకాలు జరిగేవి. రజాయి ఒకడికి, కెటిల్ ఒకడికి. వైద్య విద్యార్థికి అసలు ఆస్తి ఎముకల సంచి. అది ముక్కలుముక్కలుగా పంచేవాడు. పుర్రె ఒక గదికి, వెన్నుపూసలు ఇంకో గదికి. తీరా శుక్రవారం పొద్దున్నే తలుపు చప్పుడయ్యేది.

"తమ్ముడూ, బస్సు తప్పిపోయింది. నా ఎడమ తొడ ఎముక ఇటిస్తావా?"

"కుడిది ఏమైందన్నా?"

"పై అంతస్తులో ఉంది. వాడింకా లేవలేదు."

బస్సు ఎందుకు తప్పిపోయిందో అడిగితే ఒక్కోసారి ఒక్కో కథ. హర్తాళ్ అంటాడు. పన్ను సలుపుతోందంటాడు. డ్రైవర్ ఎక్కుతూ తుమ్మాడంటాడు. ఓసారైతే, "వంతెన మీద తీస్తా నదిని చూశాను. అది నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు" అన్నాడు. బస్సే ఎక్కనివాడు వంతెన దాకా ఎలా వెళ్ళాడని ఎవడో అడిగితే, "అదేరా, కల్లో" అన్నాడు.

హాస్టల్ గేటు ముందు టీ కొట్టు తొఫజ్జల్ మామది. వెళ్ళిపోయేవాళ్ళకి వీడ్కోలు టీ ఉచితమని మామ పెట్టుకున్న నియమం. అన్న దెబ్బకి ఆ నియమమే మార్చుకోవాల్సి వచ్చింది. "ఇక మీదట సరిహద్దు దాటాక రా నాయనా. స్టాంపు చూపించు, అప్పుడు ఉచితం" అనేవాడు.

నేను ధన్‌కుటా కొండల మీంచి ఇక్కడికి దిగింది పుష్యమాసంలో. దిగినప్పటినుంచి సూర్యుడి జాడ లేదు. మధ్యాహ్నం పన్నెండైనా తెల్లారినట్టు ఉండదు. తరగతిలో మాస్టారు ఇంగ్లీషులో మొదలుపెట్టి బెంగాలీలోకి జారిపోయేవారు. అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకో తెలియదు. ఇక వార్డులో ముసలమ్మలు మాట్లాడే రంగ్‌పూర్ యాస ఢాకా కుర్రాళ్ళకే సగం అర్థమయ్యేది కాదు. ఇక్కడ వారం వారం నోటి పరీక్ష ఉంటుంది, దాన్ని ఐటెమ్ అంటారు. మొదటి ఐటెమ్‌లో భుజం ఎముకని తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాను. "దాన్ని అలా అతికిస్తే రోగి నేరుగా పోలీసు స్టేషన్‌కి పోతాడు" అన్నారు మాస్టారు. ఈసారి అందరూ ఎందుకు నవ్వారో అర్థమైంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాను. పప్పు చూస్తే అమ్మ గుర్తొచ్చింది, పప్పులో పప్పు లేనందుకు మరీ గుర్తొచ్చింది. ఇక చాలు, పోదామనుకున్నాను. నాన్నకి ఏం చెప్పాలో తెలియక దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

మర్నాడు అన్న గదికి వెళ్ళాను. "అన్నా, గురువారం వెళ్తున్నావట. నేనూ వస్తా."

అన్న నన్ను కిందినుంచి పైకి చూశాడు. "టికెట్ కొన్నావా?"

"లేదు."

"కొనకు. ఇద్దరికీ నేనే కొంటా. కలిసి పోదాం. అప్పటిదాకా ఏం చేస్తావ్?"

"ఏముంది, పడుకుంటా."

"పడుకుంటే గురువారం తొందరగా రాదురా. ఇదిగో, ఇది పట్టుకో." చేతిలో భుజం ఎముక పెట్టాడు.

"వెళ్ళిపోయేవాళ్ళకి ఇదెందుకన్నా?"

"ఊరికే పట్టుకో, నీ సొమ్మేం పోయింది? ఈ గుండ్రంది ఎటు పోతుందో చెప్పు చూద్దాం."

ఆ గురువారం హర్తాళ్. తర్వాతి గురువారం పన్ను. ఆ తర్వాతిది అమావాస్య. మధ్యలో ఊరికే పట్టుకోవడానికి ముంజేయి వచ్చింది, మణికట్టు వచ్చింది. ఐటెమ్ గట్టెక్కింది. రోడ్డు పక్కన మంచులో పొగలు కక్కే భాపా పిఠా, బెల్లం కొబ్బరి పెట్టిన ఆ ఆవిరి రొట్టె, నోటికి రుచించడం మొదలైంది. ఒక గురువారం వచ్చి పోయింది, నేనే మరిచిపోయాను. గుర్తొచ్చాక, "ఛీ, ఈయన్ని నమ్ముకుంటే ఇంటికి చేరినట్టే! ఒట్టి కోతలరాయుడు" అని నవ్వుకున్నాను. నేను పారిపోబోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పరువు పోదూ!

అలా నేను నాలుగో ఏడాదికి వచ్చాను, అన్న చివరి ఏడాదికి వచ్చాడు, వారానికోసారి వెళ్ళిపోతూనే. ఈ చలికాలం అన్న ఆఖరి పరీక్షలు మొదలయ్యాయి. మిగిలింది శనివారం శస్త్రచికిత్స నోటి పరీక్ష. పెట్టేది రొకేయా మేడమ్. ఆవిడ గదిలోంచి బయటికొచ్చిన వాళ్ళు కాసేపు తమ పేరు కూడా తడుముకుని చెబుతారు. ఈ ఒక్కటీ తప్పితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి.

సరిగ్గా అదే వారం అన్న గదికి ఫుర్బా వెళ్ళాడు. తాప్లేజుంగ్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, నోట్లో నాలుక లేనివాడు. కొద్దిరోజులుగా అన్నం తినడు, మాట్లాడడు, వరండాలో గోడకి చేరబడి నిలబడతాడు. వాడు అన్నని ఏమీ అడగలేదు. చేతిలో టికెట్లు పెట్టాడు. రెండు. గురువారం పొద్దుటి బస్సుకి.

ఇంకేం, హాస్టల్ మొత్తానికి పండగే. అన్న బస్సెక్కడం చూడటానికి ముసుగులేసుకుని కూడలి దగ్గర అందరం చేరాం. అన్న తరగతివాడు షహరియార్, బరిశాల్ కుర్రాడు, అరిచాడు. "ఏం బాస్, ఇవాళ డ్రైవర్ తుమ్మలేదా? కావాలంటే నేను తుమ్మనా?"

అన్న నవ్వలేదు. ఫుర్బా సంచిని తీసుకెళ్ళి బస్సు పైన వేశాడు. తన సంచీ వేశాడు. నేను అన్నని పక్కకి లాగాను.

"అన్నా, ఎల్లుండి పరీక్ష! నీకు పిచ్చా? ఏదో ఒక వంక చెప్పు. నీకు వంకలకి కరువా?"

"వాళ్ళ నాన్న పోయాడురా" అన్నాడు అన్న మెల్లగా. "ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి, రావద్దు, చదువుకో, కార్యం మేం చేస్తాం అన్నారట. వాడు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వీణ్ణి ఆపకూడదు. ఒంటరిగానూ పంపకూడదు. మీరంతా వెళ్దామనుకున్నవాళ్ళు. వీడు వెళ్ళాల్సినవాడు. నేపాల్ సరిహద్దు దగ్గర కాకర్‌భిట్టాలో వాళ్ళ బాబాయి చేతికి అప్పగించి రేపటికల్లా వచ్చేస్తా."

బస్సు కదిలింది. ఎర్ర దీపాలు రెండూ మంచులో కలిసిపోయాయి. తమాషా చూడటానికి వచ్చిన మాకు ముఖాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ కొట్టు దగ్గర కూలబడ్డాం.

నాకు ఒక మాట గుచ్చుకుంది. "షహరియార్ భాయ్, అన్న 'మీరంతా' అన్నాడు. మీరంతా అంటే ఎవరు?"

షహరియార్ టీ కలుపుతూనే ఉన్నాడు. చక్కెర కరిగి చాలాసేపయింది. "నీకు కూడా కలిసి పోదామన్నాడా?"

"నీకు కూడానా? నీది ఈ దేశమే కదా!"

"అయితే ఏం? బరిశాల్ ఇక్కడా? మొదటి ఏడాది ఈ చలికి నేనూ ఏడ్చాను. కలిసి పోదాం, టికెట్ నేను కొంటానన్నాడు. ఆయన ఇల్లు ఉత్తరాన, నా ఇల్లు దక్షిణాన. ఒకే బస్సులో ఎలా పోతామని నాకు తట్టనే లేదు!"

బెంచీ చివరనుంచి ఒకడు గొణిగాడు. "నాకు పన్ను నొప్పి చెప్పాడు."

"నాకూ పన్నే."

"నాకు తీస్తా నది కల."

ఒక్కొక్కడూ బయటపడ్డాడు. ఇన్నేళ్ళూ ఎవడికి వాడు, పారిపోబోయింది తానొక్కడే అనుకుని నోరు కుట్టేసుకున్నాడు. మేమే నవ్వుకుని మేమే తల దించుకున్నాం. అంతలో మామ స్టవ్ వెనకనుంచి, "మీ అత్త చనిపోయిన ఏడు నేనూ కొట్టు కట్టేద్దామనుకున్నాను. 'మామా, మా ఊరు ఇలాంలో టీ తోటలున్నాయి, పోదాం పద, గురువారం' అన్నాడు. పాస్‌పోర్టు ఫోటో కూడా దిగాను" అన్నాడు.

శుక్రవారం చీకటిపడే వేళకి అన్న ఫోన్ చేశాడు. ఫుర్బాని బాబాయికి అప్పగించాడట. సరిహద్దు ఇవతలికి వచ్చాడట. కానీ మంచుకి దారి కనపడక బస్సులు ఆపేశారట. "నా కోసం చూడకండి. ఆరు నెలలేగా, అలవాటైన ఊరే" అని పెట్టేశాడు. అంత దిగులుగొట్టు మనిషి నన్ను ఓదార్చేసరికి నాకు మరీ దిగులేసింది.

షహరియార్ తన తరగతి వాళ్ళందర్నీ కూర్చోబెట్టాడు. "మనల్ని వారాలకి వారాలు ఆపాడు. మనం ఒక్క పూట పరీక్షని ఆపలేమా? విదేశీయుల పిలుపు ఎలాగూ చివర్లోనే."

శనివారం ఆ వరండాలో నేనున్నాను, చెవికి ఫోన్ అంటించుకుని. మొదటి అమ్మాయిని మేడమ్ అపెండిక్స్ గురించి అడిగితే, "గర్భంలో పిండం ఏర్పడటం దగ్గర్నుంచి చెబుతాను మేడమ్" అని మొదలుపెట్టి, ఆ పిండాన్ని ఎంతకీ పుట్టనివ్వలేదు. తర్వాతివాడు మంచినీళ్ళు అడిగాడు, వేడివి కావాలన్నాడు, అవి చల్లారేదాకా కూర్చున్నాడు. ఇంకొకడు ప్రతి ప్రశ్నకీ "చాలా మంచి ప్రశ్న మేడమ్" అని కళ్ళు మూసుకుని ఆలోచించాడు. షహరియార్ వంతు వచ్చింది. వాడు ఏకంగా స్పృహ తప్పి పడ్డాడు. మోసుకెళ్ళి, గాలి విసిరి, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది.

"తర్వాత లోకమణి" అని గుమాస్తా పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. నేను అన్న నంబరు మళ్ళీ నొక్కాను.

అప్పుడు గేటు దగ్గర రాళ్ళ లారీ ఆగింది. అందులోంచి తెల్లటి మనిషి ఒకడు దిగి పరిగెత్తుకొచ్చాడు. తల, కనుబొమలు, చెవులు, అన్నీ రాతి పొడే. ఆ పొడుగు మెడ చూసి పోల్చుకున్నాం. మీద తెల్ల ఏప్రన్ తగిలించి లోపలికి తోశాం. అది వేసినా తేడా ఏమీ తెలియలేదు.

తలుపు సందులోంచి మేడమ్ గొంతు వినిపించింది. "ఎక్కడికెళ్ళావ్?"

"ఇంటికి మేడమ్."

"ఐదేళ్ళుగా వెళ్తున్నావని విన్నాను. ఎంతదాకా వెళ్ళావ్?"

"సరిహద్దు దాటి కొంచెం మేడమ్."

"కూర్చో. బల్ల ముట్టుకోకు."

చాలాసేపు ప్రశ్నలు, జవాబులు వినిపించాయి. జవాబుల మధ్య తుమ్ములు వినిపించాయి. చివరికి మేడమే తలుపు తీసుకుని బయటికొచ్చారు. మమ్మల్నందర్నీ ఓసారి చూశారు.

"ఇతనికి ఇక నా దగ్గర పని లేదు, గట్టెక్కాడు. కానీ షహరియార్, నీతో మాట్లాడాలి. స్పృహ తప్పేవాడు ముందుగా కళ్ళజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టుకుని అప్పుడు పడడు. కాబోయే వైద్యుడివి, అది తెలుసుకో" అని వెళ్ళిపోయారు. వెనకనుంచి చూస్తే ఆవిడ భుజాలు కదులుతున్నట్టే ఉన్నాయి.

అన్నని ఎత్తుకెళ్ళి మామ బెంచీ మీద పడేశాం. "ఇన్నాళ్ళూ మమ్మల్నందర్నీ మోసం చేశావు కదన్నా. నీకు వెళ్ళే ఉద్దేశమే లేదు" అన్నాను.

అన్నకి నిజంగానే రోషం వచ్చింది. "మోసమా? ప్రతి గురువారం నిజంగా పోదామనే అనుకున్నానురా! నా ఏడుపు మీరెవరూ చూడలేదు. సంచి సర్దేలోపు ఎవడో ఒకడు వచ్చి 'అన్నా, నేనూ వస్తా' అనేవాడు. వాడి ముఖం చూస్తే, అయ్యో, వీడు పోతే ఎలా అనిపించేది. మిమ్మల్ని ఆపే గోలలో పడి నేను ఆగిపోయేవాణ్ణి."

"మరి నిన్న కాకర్‌భిట్టాలో? మీ ఇలాం బస్సు అక్కణ్ణుంచే కదా బయల్దేరేది?"

"ఎక్కాను."

మేమంతా నోళ్ళు తెరిచాం. "ఎక్కావా!"

"ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నా. కండక్టర్ వచ్చి ఎంతమంది అన్నాడు. పక్కకి చూస్తే సీటు ఖాళీ. నా వెంట ఎవడూ లేడు. ఇక నన్ను ఆపేవాడెవడు? నిజంగానే వెళ్ళిపోతానేమోనని భయమేసి, దిగి పరిగెత్తుకొచ్చేశానురా."