బాపు చెట్టెక్కని ఏడాది

మా బాపు శామీర్‌పేట దగ్గర కల్లు గీసేవాడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నడుముకు మోకు తాడు బిగించి తాటిచెట్టెక్కి, గెల కొన సన్నగా చెక్కి, కల్లు నిండిన లొట్టి దించుకొచ్చేవాడు. కిందికి దిగగానే బీడీ. ఆ బీడీ మానమని నాకూ ఆయనకూ జరగని పోట్లాట లేదు. నోట్లోంచి లాగి పారేసిన రోజులు కూడా ఉన్నాయి.

బీడీలు తాగేవాళ్లకు ఊపిరితిత్తుల స్కాన్ ఉచితమని మేడ్చల్‌లో ఒక ఆసుపత్రి బ్యానర్ కట్టింది. ఒంట్లో ఏ బాధా లేకపోయినా, క్యాన్సర్ ఉంటే ముందే తెలుస్తుందని అమ్మ ఆయన్ని బయల్దేరదీసింది. నేనూ వెళ్లాను.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాడు కుర్ర డాక్టరు. అమ్మ అక్కడే చేతులెత్తి దండం పెట్టింది. ఆ చేతులింకా దించనేలేదు. "కానీ గుండె దగ్గర పెద్ద రక్తనాళం కొంచెం వెడల్పుగా కనిపిస్తోంది. ఈ స్కాన్‌లో సరిగ్గా కొలవలేం. పెద్ద డాక్టరు చూసేదాకా బరువులెత్తొద్దు, చెట్లెక్కొద్దు."

"ఎక్కితే ఏమైతది సారూ?" అడిగాడు బాపు.

"చెప్పలేం. పగిలిపోవచ్చు."

ఆ మాట మాతోపాటే ఇంటికొచ్చింది. అమ్మ ఆయన్ని బకెట్ నీళ్లు కూడా మోయనివ్వలేదు. బాపు ఆ రోజే బీడీ మానేశాడు. గట్టిగా నవ్వడమూ మానేశాడు. తుమ్ము వస్తే రొమ్ము పట్టుకునేవాడు.

అది కల్లు పారే కాలం. గెలను పూటపూటకూ గీస్తుండాలి. నాలుగు రోజులు వదిలేస్తే కొన ఎండిపోతుంది, ఇక ఆ ఏడాదికి చుక్క రాలదు. బాపు తమ్ముడు, మా కాక, వచ్చి అడిగాడు.

"అన్నా, నువ్వు మంచిగయ్యేదాక చెట్లు నేను గీస్త."

"నడిమిట్ల చెయ్యి మారితే చెట్టు అలుగుతదిరా. జల్దీనే నేను ఎక్కుత గద" అన్నాడు బాపు.

ఎక్కడి జల్దీ! పెద్ద డాక్టరు దొరకడానికే వారాలు పట్టాయి. ఉచితం ఆ మొదటి స్కానుకే. తర్వాత గుండె పరీక్ష, రక్తంలోకి మందు ఎక్కించి తీసే ఇంకో స్కాను. ఆ మందు పడక బాపు ఒళ్లంతా దద్దుర్లు లేచి, రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచారు. పాలిచ్చే గేదె అమ్ముడుపోయింది. ఒక్కొక్క చెట్టే ఎండిపోతుంటే బాపు కిందినుంచి తలెత్తి చూసి వచ్చేవాడు.

చివరికి పెద్ద డాక్టరు, "ఈ వయసుకు ఇది మామూలే. ఏం లేదు. మీ పని మీరు చేసుకోండి" అన్నాడు.

ఏం లేదట! నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అబద్ధమైతే ఎవరూ చెప్పలేదు కదా.

మరుసటేడు కల్లు కాలం వచ్చింది. బాపు మోకుకు పసుపు రాసి, చెట్టుకు మొక్కి, ఎక్కడం మొదలుపెట్టాడు. నిలువెత్తు ఎక్కాడో లేదో ఆగిపోయాడు. చెంప మానుకు ఆనించి కాసేపు అట్లాగే ఉండి, మెల్లగా దిగాడు.

"ఏమైంది బాపూ?"

"గుండె సప్పుడు ఇనబడ్తాంది బిడ్డా. ఇన్నేండ్ల సంది ఎక్కుతున్న, ఎన్నడూ ఇనబడలే."

"ఏం లేదని పెద్ద డాక్టర్ చెప్పిండు గదనే!"

"చెప్పిండు. పగుల్తదని చెప్పింది గూడ డాక్టరే."

మోకు విప్పి, పక్క చెట్టు కింద ఉన్న కాకను పిలిచి ఇచ్చేశాడు. కాక దాన్ని భుజాన వేసుకున్నాడు. బాపు కాక జేబులోంచే బీడీ తీసుకుని, చెట్టు మొదట్లో కూలబడి వెలిగించాడు. నేను చెయ్యి చాచాను, లాగేద్దామని. ఆయన నా వైపు చూశాడు.

"తాగనియ్యి బిడ్డా. ఊపిరితిత్తులు మంచిగనే ఉన్నయన్నరు గద."